అట్ట మీద రెండో పేరు

2025 మే 20 రాత్రి లండన్‌లోని టేట్ మోడర్న్‌లో అంతర్జాతీయ బుకర్ బహుమతి అందుకోవడానికి ఇద్దరు మహిళలు వేదిక ఎక్కారు. ఒకరు కర్ణాటకలోని హాసన్‌లో వకీలుగా పనిచేస్తూ కన్నడంలో కథలు రాస్తున్న బాను ముష్తాక్. రెండోవారు ఆ కథలను ఇంగ్లీషులోకి తెచ్చిన కొడగు రచయిత్రి దీపా భాస్తి. 'హార్ట్ ల్యాంప్' సంపుటికి దక్కిన 50 వేల పౌండ్లు ఇద్దరికీ చెరి సగం. 2016లో ఈ బహుమతిని ఏటా ఒక అనువాద పుస్తకానికి ఇవ్వడం మొదలైనప్పటి నుంచీ మూల రచయితకెంతో అనువాదకులకూ అంతే. ఓ కన్నడ పుస్తకం గెలిచిందని మనమూ మురిసిపోయాం. ఆ సంబరంలో ఈ 'చెరి సగం' సంగతిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ గెలుపు నుంచి తెలుగువాళ్లు నేర్చుకోవలసింది మాత్రం అదేనని మా నమ్మకం.

ఆ సంపుటిలోని మొదటి కథలో జీనత్ అనే ఇల్లాలు తన భర్తను ఏమని చెప్పాలా అని తర్జనభర్జన పడుతుంది. కన్నడంలో వాడుకగా ఉన్న 'యజమాన' అన్న మాట ఆమెకు మింగుడుపడదు. ఆయన యజమాని అయితే మరి తానెవరు? తెలుగు పాఠకుడికి ఈ ఇబ్బంది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. మావారు, మా ఆయన, మా ఇంటాయన అంటూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చిన అమ్మలూ అమ్మమ్మలూ ప్రతి ఇంట్లో ఉన్నారు. ఇంగ్లీషు పాఠకుడికి అది కొత్త. అయినా దీపా భాస్తి ఆ మాటను మార్చలేదు, వాలు అక్షరాల్లో వేయించలేదు, పేజీ అడుగున వివరణా పెట్టలేదు. ఆ మాట దగ్గర పాఠకుడే ఒక్క క్షణం ఆగాలని పట్టుబట్టారు. 'యాసతో అనువదించడం' అని ఆమె తన పద్ధతికి పేరు పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లకు పైగా సాగిన రచనలోంచి ఆ పన్నెండు కథలను ఏరడంలోనూ ఆమె చెయ్యి ఉంది. ఇంత చేసిన మనిషిని 'కేవలం అనువాదకురాలు' అని ఎలా అనగలం?

కొరియా కథ ఇంకా వివరంగా చెప్పుకోవాలి. హాన్ కాంగ్ నవల 'ది వెజిటేరియన్' కొరియన్‌లో 2007లో వచ్చింది. ఇంగ్లీషులోకి రావడానికి 2015 దాకా పట్టింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ బుకర్, 2024లో ఆమెకు నోబెల్. ఇంగ్లీషు చేసిన డెబొరా స్మిత్ కొరియన్ నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి ఆరేడేళ్లే. బహుమతి రాగానే కొరియా విమర్శకులు మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం చదివారు. పాదం అనే మాటను చెయ్యిగా పొరబడిన చోటు ఒకటి దొరికింది. కొరియన్‌లో ఆ రెండు మాటలకూ తేడా ఒక్క హల్లే. ఎత్తిచూపిన తప్పులు కొన్నింటిని తర్వాతి ముద్రణల్లో దిద్దారు. శైలి మూలాన్ని దాటిపోయిందా లేదా అన్న వాదన మాత్రం చాలాకాలం నడిచింది. ఆ వాదనలో మాకు కనిపించేది శ్రద్ధ. తమ భాష నుంచి బయటికి వెళ్లిన ప్రతి వాక్యాన్నీ కాపు కాసే జనం అక్కడున్నారు. సర్కారు డబ్బుతో నడిచే కొరియా సాహిత్య అనువాద సంస్థ దశాబ్దాలుగా అనువాదకులకు శిక్షణ ఇస్తోంది, విదేశీ ప్రచురణకర్తలకు ఆర్థిక సాయం చేస్తోంది. నోబెల్ అకస్మాత్తుగా ఊడిపడలేదు.

మనకూ ఒకప్పుడు ఇలాంటి ఏర్పాటు ఉండేది, మాస్కో పుణ్యాన. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగువాళ్లను అక్కడికే పిలిపించుకుని జీతాలిచ్చి అనువాదాలు చేయించాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) అలా వెళ్లినవారే. దాని వెనుక రాజకీయ ప్రయోజనం ఉన్నమాట నిజం. అయినా గట్టి అట్ట, మంచి కాగితం, చవక ధరతో చింగీజ్ ఐత్మాతోవ్ నవలిక 'జమీల్యా' మన పల్లెల దాకా వచ్చింది. లోపలి పేజీలో అనువాదకుడి పేరు స్పష్టంగా ఉండేది. ఆ పని నేర్పిన పాఠాలతో రారా 'అనువాద సమస్యలు' రాశారు, 1988లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సోవియట్ యూనియన్ కూలింది, ఆ జీతాలూ ఆగిపోయాయి. ఆ ఖాళీని పూడ్చే బాధ్యత తెలుగు గడ్డ మీద ఏ ప్రభుత్వమూ తలకెత్తుకోలేదు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వంటి ప్రచురణ సంస్థలు తమ శక్తి మేరకు పనిచేశాయి. సహవాసి చేతి మీదుగా అలెక్స్ హేలీ 'రూట్స్' మనకు 'ఏడు తరాలు' అయింది. ఆ తెలుగు పేరు వింటే అనువాదం వాసన తగలదు. అలాంటి పేరు తట్టాలంటే అనువాదకుడిలో రచయిత ఉండాలి.

ఇప్పుడు పరిస్థితి ఏమిటి? నాలుగు వందల పేజీల నవలను ఏడాదిపాటు తెలుగు చేసినవారికి పది ఉచిత ప్రతులు చేతిలో పెట్టి పంపడం చాలాచోట్ల మామూలైపోయింది. కొన్ని పుస్తకాల అట్ట మీద అనువాదకుడి పేరే ఉండదు. సాహిత్య అకాడమీ సైతం ప్రధాన అవార్డుకు లక్ష రూపాయలు, అనువాద బహుమతికి 50 వేలు ఇస్తోంది. అనువాదం రెండో రకం పని అన్న లెక్క దేశ అత్యున్నత సాహిత్య సంస్థలోనే ఉంటే చిన్న ప్రచురణకర్తను ఏమని తప్పుపడతాం? ఆ రెండు మొత్తాలూ సమానం చేయాలి.

తెలుగు నుంచి బయటికి వెళ్లే దారి మరీ ఇరుకు. వెల్చేరు నారాయణరావు 'కన్యాశుల్కం'ను ఇంగ్లీషు చేశారు. ఓల్గా 'విముక్త', గోగు శ్యామల కథలు ఇంగ్లీషులో వచ్చి మంచి ఆదరణ పొందాయి. ఇవన్నీ ఎవరో ఒకరిద్దరి పట్టుదలతో జరిగినవి. తమిళనాడు ప్రభుత్వం 2023 నుంచి చెన్నైలో అంతర్జాతీయ పుస్తక ప్రదర్శన పెట్టి, విదేశీ ప్రచురణకర్తలను పిలిచి, తమిళ పుస్తకాల అనువాదాలకు ఆర్థిక సాయం ప్రకటించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏటా లక్షల మంది పుస్తక ప్రదర్శనలకు వస్తున్నారు. అక్కడ అనువాద హక్కుల బేరసారాలకు నాలుగు బల్లలు వేయడం, ఏటా ఇరవై పుస్తకాల అనువాదానికి నిధి కేటాయించడం ఏ బడ్జెట్‌కూ భారం కాదు. విశ్వవిద్యాలయాల్లో కొరియన్, స్పానిష్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలున్నారు. వారిలో పదిమందికైనా రెండేళ్ల వేతనం ఇస్తే ఇంగ్లీషు గుమ్మం తొక్కకుండా నేరుగా తెలుగులోకి వచ్చే నవలలు మనకు దొరుకుతాయి.

పత్రికలకూ ఇందులో వాటా ఉంది. అనువాద గ్రంథాన్ని సమీక్షిస్తూ కథంతా చెప్పి, చివర్లో 'అనువాదం సాఫీగా సాగింది' అని ఒక్క ముక్కతో సరిపెట్టిన సమీక్షలు మా పేజీల్లోనూ వచ్చాయి. అది అనువాదకులకు జరిగిన అన్యాయం. వచ్చే ఆదివారం నుంచి ఈ పత్రికలో అనువాద పుస్తకం సమీక్ష పైన ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. మూల భాష తెలిసిన సమీక్షకులు దొరికిన ప్రతిసారీ ఒక పేరానైనా మూలంతో పోల్చి చూపిస్తాం.