చీలమండలో ఆనందతాండవం

'ఆనంద హార్మోనును పెంచుకునే మార్గాలు' అనే సందేశం ఈ వారం నా ఫోనుకు నాలుగోసారి వచ్చింది. పంపిన నలుగురూ విజ్ఞులే. ఎండలో నడవండి, నవ్వండి, సెరటోనిన్ పెరుగుతుంది, ఇక జీవితమంతా పండగే అని దాని సారాంశం. ఎంత పెంచాలో, ఎక్కడ ఆపాలో మాత్రం అందులో లేదు. ఆనందానికి గరిష్ఠ పరిమితి అడగడం అమంగళం కాబోలు.

ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లో. మెదడు వాటా పిసరంత. 1948లో దాన్ని రక్తపు సీరం నుంచి వేరుచేసిన శాస్త్రవేత్తలు, అది రక్తనాళాలను బిగించడం చూసి ఆ పేరు పెట్టారు. ఆనందం ఊసే ఎత్తలేదు పాపం. అయినా మనం ఆనందమనే అందాం. ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకోవడం మర్యాద కాదు.

ఈ ఆనందం నిజంగానే పొంగిపొర్లితే ఏమవుతుందో ఆ నలుగురి తరఫున నేను చెబుతాను. కావ్యాల్లో వర్ణించినదంతా అక్షరాలా జరుగుతుంది. ఒళ్లు పులకరిస్తుంది, అనగా గడగడ వణుకుతుంది. కంటిపాపలు విప్పారతాయి. ఆనందబాష్పాలకు కళ్లు చాలక ఒళ్లంతా చెమటై కారుతుంది. గుండె గంతులేస్తుంది. పేగులు కూడా తమ సంతోషాన్ని ఆపుకోలేవు, ఆ వివరం వదిలేద్దాం. ఇక తాండవం. పడుకోబెట్టి అరికాలిని ఒక్కసారి చటుక్కున పైకి నెట్టి పట్టుకుంటే, చీలమండ దగ్గర పాదం తనంతట తానే టకటక కొట్టుకుంటూ ఉంటుంది. వైద్యులు దీన్ని క్లోనస్ అంటారు. ఈ పొంగును గుర్తుపట్టడానికి 2003లో ఆస్ట్రేలియాలో రూపొందిన హంటర్ ప్రమాణాల్లో పెద్దపీట ఈ నాట్యానికే. పరమానందం దాకా వెళితే కండరాలు కర్రల్లా బిగుసుకుంటాయి, జ్వరం 41 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, కరిగిన కండరాల వ్యర్థం మూత్రపిండాలకు అడ్డుపడుతుంది. ఆ పైమెట్టు బ్రహ్మానందం. అక్కడికి వెళ్లినవారు సందేశాలు పంపరు.

దీని పేరు సెరటోనిన్ సిండ్రోమ్. ఎండలో నడిస్తే రాదు, నిశ్చింతగా నడవండి. డాక్టరు రాసిన ఒక్క మాత్రను చెప్పిన మోతాదులో వేసుకునేవారికి ప్రాణం మీదికి రావడమూ అరుదే. ఒకదాని సంగతి ఒకదానికి తెలియని మందులు ఒకే ఒంట్లో కలుసుకున్నప్పుడే అసలు ఉత్సవం. ఆ ముహూర్తం ఇలా కుదురుతుంది.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

"ఏమీ లేవండి."

"ఒక్కటి కూడా?"

"మనసు బాగుండక రాత్రిపూట ఎస్సిటలోప్రామ్ ఒకటి. చిన్నదండి."

"చిన్నదైతే మందు కాదా?"

"గోరంత ఉంటుందండి. దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సిరప్పు ఉంది కానీ, అది తియ్యగా ఉంటుంది."

"ఇంకా?"

"సెయింట్ జాన్స్ వర్ట్ గుళికలు. అవి మొక్కండి, మందు కాదు. నడుం నొప్పికి ట్రమడాల్, అది మా బావమరిది వాడగా మిగిలింది. ఆయన మందు నా లెక్కలోకి రాదు కదండీ."

"అంతేనా?"

"మనసుకే ఇదివరకు ఫ్లూఓక్సెటిన్ ఉండేది. పోయిన వారమే మానేశాను."

గోరంతది, తియ్యనిది, మొక్క, బావమరిది సొత్తు: అన్నీ సెరటోనిన్‌నే పెంచుతాయి. మానేసినదీ తక్కువది కాదు. ఫ్లూఓక్సెటిన్ ఇల్లు ఖాళీ చేశాక కూడా సామాను వారాల తరబడి ఒంట్లోనే వదిలేస్తుంది. అందుకే అది ఆపాక మోనో అమైన్ ఆక్సిడేస్ నిరోధకాలనే పాత తరగతి మందు మొదలుపెట్టాలంటే అయిదు వారాలు ఆగమంటారు.

ఈ సంభాషణంతా నా కల్పన అని ఒప్పుకుంటున్నాను. నిజంగా అయితే అది మొదటి జవాబు దగ్గరే ముగుస్తుంది. "ఏమీ లేవండి." "సరే." తల ఎత్తకుండా మందు రాసేస్తారు.

1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి జ్వరంతో ఆస్పత్రిలో చేరింది. కుంగుబాటుకు ఫినెల్జిన్ వాడుతోంది, పైన చెప్పిన పాత తరగతి మందే అది. ఒళ్లు అదురుతుంటే పెథిడిన్ అనే నొప్పి మందు ఇచ్చారు. తెల్లవారేసరికి చనిపోయింది. ఆ రెండు మందుల కలయికే కారణమని తరువాత చాలామంది వైద్యులు భావించారు. 1989లో ఆ రాష్ట్రం జూనియర్ డాక్టర్ల పనిని వారానికి 80 గంటలకు కుదించింది. ఒక అమ్మాయి ప్రాణం పోతే తప్ప, నిద్ర లేని డాక్టరుకు మందుల చీటీ కనబడదని తోచలేదు!

మధుమేహం మాత్ర పేరు పెళ్లిలో కూడా గట్టిగా చెప్పుకుంటాం. కుంగుబాటు మాత్రను మాత్రం దొంగసొత్తులా దాచుకోవాలి. ఎవరు నేర్పారు ఈ సిగ్గు? మనమే. 'మనసు గట్టిగా ఉంటే మందులెందుకు' అని హితవు చెప్పిన ప్రతివాడూ నేర్పాడు. మందు మారిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు, స్థిమితం లేకపోవడం మొదలైతే, 'ఆందోళన ముదిరింది, ఇంకో మాత్ర వేసుకో' అనేదీ వాళ్లే. అది అగ్గికి నెయ్యి పోయడమే! వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తే మందులు ఆపి, కండరాలను శాంతపరిచి, ఒళ్లు చల్లబరుస్తారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. ఇంట్లో కూర్చుని జ్వరం మాత్ర మింగిస్తే లాభం లేదు, ఆ వేడి కండరాల రాపిడిది. ఇదంతా చదివి ఈ రాత్రే తమ మాత్ర మానేయబోతున్న మహానుభావులకు వేరే దండం. డాక్టరును అడగకుండా ఠక్కున మానేస్తే దాని బాధలు దానికి ఉన్నాయి.

ఇంతవరకు రాసి, సందేశం పంపిన నలుగురిలో ఒకాయనకు వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత గొంతు తగ్గించి, "నేనూ ఒకటి వేసుకుంటున్నాను. చిన్నదే" అన్నారు.

ఇంకేమైనా వాడుతున్నారా అని అడిగాను.

"అబ్బే, ఇంకేమీ లేవు" అని, దగ్గారు.