బీరువా దొరగారికి బహిరంగ లేఖ

శ్రీయుత బీరువా దొరగారికి,
మండల ఆఫీసు వెనక గది, వరంగల్ జిల్లా.

దండాలు. ఊళ్లలో గడీలు కూలిపోయాయి, దొరలు పట్నం పోయారు, ఇక దండాలు పెట్టే పని లేదనుకున్నాం. మీరు ఇక్కడే ఉన్నారని మా అవ్వకు పింఛను కోసం తిరిగినప్పుడు తెలిసింది. రంగు పెచ్చులూడినా, ఒక కాలు కింద ఇటుక ముక్క పెట్టినా మీ దర్జా తగ్గలేదు. అవ్వ మీ గదికి వచ్చినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయటే విడుస్తుంది.

ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ ఒకటే జవాబు: "ఫైలు బీరువల ఉన్నది. తాళంచెవి సార్ దగ్గరున్నది. సార్ మీటింగ్‌కు పోయిండు."

మీకు లెక్కలు దాచుకోవడం ఇష్టం కదా, ఇది కూడా దాచుకోండి. ఆటోకు రానుపోను 80 రూపాయలు. మిరపకాయ ఏరడానికి పోనందుకు పోయిన కూలి 300. జిరాక్సులకు 20. ఆరు తిరుగుళ్లకు 2,400. రావలసిన పింఛను నెలకు 2,016. అంటే ఇంకా రాని పింఛనుకు అవ్వ ముందే ఒక నెల పింఛను కంటే ఎక్కువ కట్టింది.

ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చునే పైరవీకారుకు మాత్రం మీ కడుపులో ఏ అరలో ఏముందో తెలుసు. ఎవరి పేరు జాబితాకెక్కిందో, ఎవరి కాగితానికి ఆధార్ జిరాక్సు తక్కువైందో చెబుతాడు, పైసలిస్తే. ఆయన అమ్మే సరుకు ఒక్కటే, కబురు. ఆ జాబితా గోడకు అతికిస్తే తెల్లారేసరికి ఆయన దుకాణం బంద్. రోజూ పొద్దున మీకు అగర్‌బత్తి ముట్టిస్తున్నాడేమో, నేను చూడలేదు.

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12 నుంచి అమల్లో ఉంది. ఎవరూ అడగకముందే 17 రకాల వివరాలు ఆఫీసే బయటపెట్టాలని దాని 4వ సెక్షన్ చెబుతుంది. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు కూడా అందులో ఉన్నాయి. అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. మన దగ్గర ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, ఊళ్లో అయితే అదీ లేదు. ఆ చట్టం కాపీ ఒకటి చూపించమన్నాను. మీ లోపలే ఉందట, భద్రంగా.

మీ జాతికి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది, గుర్తుందా? ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ పెట్టినప్పుడు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థే వచ్చింది. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, మీ కడుపులోంచి తీసి ఊరందరి ముందు పైకి చదవడమే ఆ తనిఖీ. పేరు చదవగానే వెనక నుంచి ఒక ముసలమ్మ లేచి "వాడు సూరత్‌ల మగ్గం నడుపుతుండు, మన చెర్వుల మట్టి ఎప్పుడు తీసిండు?" అంటే చాలు. నెల రోజులు కాగితాలు తిరగేసినా ఆడిటరుకు దొరకనిది ఆ ఒక్క కేకకు దొరుకుతుంది. అలా తేలిన డబ్బంతా వాపసు వచ్చిందని నేను చెప్పను, అది వేరే కథ. కానీ మళ్లీ దొంగ పేరు రాసేటప్పుడు చేయి కొంచెమైనా ఆగుతుంది.

మన ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఏ సరుకుకు ఎంత సుంకమో రాతి మీద చెక్కించి నిలబెట్టాడు. పాపం, ఆయనకు మీలాంటి బీరువా దొరకలేదు.

ఇంతకూ ఈ ఉత్తరం మీ లోపల పడకుండా గోడకు అతికించమని అటెండర్‌కు ఇచ్చాను. మంచివాడే, వెంటనే ఒప్పుకున్నాడు. కాకపోతే గోందు సీసా బీరువాలో ఉందట. తాళంచెవి సార్ దగ్గర ఉంది. సార్ మీటింగ్‌కు పోయిండు.

ఇట్లు,
ఏడోసారి వచ్చిన అవ్వ కొడుకు