విజయవాడ ఏ సినిమానీ తిప్పికొట్టలేదు

వారం రోజుల్లో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. కాలేజీ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, మిగతావి విడివిడిగా. మా పిన్ని కొడుకైతే "అన్నయ్యా, చదువు, భలే రాశాడు" అని మరీ పంపాడు. '2024 సినిమాల అసలు లెక్క' అని పైన పెద్దక్షరాలు. రాసినవాడి పేరు లేదు. ఏది బెస్ట్, ఏది వరస్ట్, ఎందుకు అని ఆరు పాయింట్లు, చివర నాలుగు మంట బొమ్మలు. ఇక మాట్లాడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

మొదటి పాయింట్: 'కలెక్షన్ ఎక్కువ వచ్చిందే మంచి సినిమా, మిగతాదంతా ఏడుపు.' కలెక్షన్ అంటే గల్లాపెట్టెలో పడ్డ డబ్బు. తలకాయల లెక్క కాదు, చప్పట్ల లెక్క అంతకన్నా కాదు. డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ టికెట్‌కి 800 రూపాయలు, పైన జీఎస్టీ. అదే డబ్బుతో అప్పట్లో మామూలు రోజున 150 రూపాయల టికెట్‌కి అయిదుగురు సినిమా చూసి రాగలిగేవాళ్ళు. ఆ ఒక్కడి ఇష్టం ఈ అయిదుగురి ఇష్టం కన్నా ఎక్కువెలా అవుతుంది? పైగా పోస్టర్ మీద వేసే అంకె ప్రపంచమంతటి గ్రాస్. అందులోంచి పన్ను పోవాలి, థియేటర్ అద్దె పోవాలి, మిగిలింది షేర్. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా కొని ఆడించేవాళ్ళలో ఎవరినైనా అడగండి, గ్రాస్ గురించి మాట్లాడరు. షేర్ ఎంత, కృష్ణా జిల్లాకి ఎంత పెట్టి కొన్నాం, ఎంత తిరిగొచ్చింది అనే చూస్తారు. వందల కోట్ల పోస్టర్ పడ్డ సినిమాకి కూడా కొన్నవాడు నష్టపోవచ్చు. వ్యాపారం చేసేవాళ్ళే నమ్మని అంకెని పట్టుకుని మనం మంచిచెడ్డలు తేల్చడం ఏమిటి?

రెండో పాయింట్: 'లక్కీ భాస్కర్ తెలుగు సినిమా కింద లెక్కలోకి రాదు, హీరో మలయాళీ.' వెంకీ అట్లూరి తెలుగులో రాసుకుని తెలుగులో తీసిన సినిమా. హీరో దుల్కర్ సల్మాన్ తన గొంతుతో తనే తెలుగు చెప్పుకున్నాడు. 2018లో మహానటిలో ఇదే దుల్కర్‌ని చూసి కళ్ళు తుడుచుకున్నప్పుడు రాని అభ్యంతరం ఇప్పుడెందుకు వచ్చింది? దీనికి ఇంతకన్నా సమాధానం అక్కర్లేదు.

మూడోది: 'హనుమాన్ ఆడింది అయోధ్య పుణ్యాన.' సినిమా వచ్చింది జనవరి 12న. అయోధ్య ప్రాణప్రతిష్ఠ జరిగింది 22న. మధ్యలో పది రోజులు ఉన్నాయి. సంక్రాంతికి పెద్ద హీరోల మధ్య థియేటర్లు సరిగ్గా దొరకని సినిమా అది. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి పక్కవాళ్ళకి చెప్పడం వల్ల నిలబడింది. అయోధ్య ఊపు తర్వాత కలిసొచ్చిందంటే ఒప్పుకుంటాను. అదే కారణం అంటే మాత్రం ఒప్పుకోను.

ఇక నాలుగోది. ఇది లేకపోతే అసలు ఇదంతా రాసేవాణ్ణే కాదు. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను: '35 చిన్న కథ కాదు లాంటివి ఓటీటీకే. ఆడవాళ్ళ కథలకి థియేటర్‌కి ఎవరూ రారు. సినిమా పిచ్చి ఉన్న విజయవాడ జనమే దాన్ని తిప్పికొట్టారు, మొదటి వారం హాళ్ళు ఖాళీ.'

ఆ సినిమా విడుదలైంది సెప్టెంబర్ 6, శుక్రవారం.

విజయవాడలో ఉండే మనిషెవరైనా ఆ తేదీ చూసి ఈ మాట రాయగలడా? బుడమేరు వాగు పొంగి మా మీద పడింది ఒకటో తేదీ ఆదివారం. మాది సింగ్‌నగర్‌లో మొదటి అంతస్తు. కింద వాటాలో ఉండేవాళ్ళు పిల్లల్ని, గ్యాస్ సిలిండర్‌ని, బియ్యం బస్తాని తీసుకుని మా ఇంటికే వచ్చేశారు. రెండు గదుల్లో తొమ్మిది మందిమి. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మంచినీళ్ళ బాటిల్ కోసం పడవ ఎప్పుడొస్తుందా అని బాల్కనీలో వంతులు వేసుకుని కూర్చున్నాం. మీరు చెప్పే ఆ 'మొదటి రోజు మొదటి ఆట' టైముకి నేను నడుము లోతు నీళ్ళలో ఫ్లైఓవర్ దాకా వెళ్ళి, పాల ప్యాకెట్ల లైనులో నిలబడ్డాను. నా ముందు ఒకాయన మూడు నెలల బిడ్డ కోసం పాలడబ్బా అడుగుతున్నాడు. ఆయన్ని కూడా మీ లెక్కలో సినిమాని తిప్పికొట్టినవాళ్ళ కింద రాసుకున్నారా? పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట, ఇన్ని పేటల జనం డాబాల మీద కూర్చుని ఉంటే గాంధీనగర్‌లో హాలు నిండలేదని లెక్క తీశారా? పడవ ఎక్కి, టికెట్ బుక్ చేసుకుని, బాల్కనీ సీట్లో కూర్చుని చూడాల్సిందా?

మర్నాడు వినాయక చవితి. మా వీధిలో పందిరి కూడా లేదు.

నీళ్ళు తీసినా అయిపోలేదు. ఫైరింజన్లు వచ్చి వీధులు, ఇళ్ళు కడిగితే గానీ బురద వదల్లేదు. ప్రతి మెకానిక్ షెడ్డు ముందూ నీళ్ళు తాగిన బళ్ళు వరసలో నిలబెట్టి ఉన్నాయి. మంచాలు, పరుపులు, పిల్లల పుస్తకాలు రోడ్డు మీద కుప్పలు. ఈలోపు 13న మత్తు వదలరా 2 వచ్చింది, 27న దేవర వచ్చింది. చిన్న సినిమాకి దొరికేదే ఒకటి రెండు వారాలు, అదీ రోజుకి ఒకటి రెండు ఆటలు. మా వీధి ఆరేసరికి దాని ఆటలు ఎత్తేశారు. దీన్ని జనం తిరస్కారం అంటారా? '35'కి ముందు వారం వచ్చిన సరిపోదా శనివారం కూడా ఈ వానలోనే తడిసింది. పెద్ద హీరో సినిమా కాబట్టి దానికి 'వరదల వల్ల కలెక్షన్ తగ్గింది' అని ఇదే మెసేజ్‌లో కింద రాశారు. దాని హీరో నానికి వరద ఉంది, '35' హీరోయిన్ నివేదా థామస్‌కి లేదా?

నేను కూడా '35' హాల్లో చూడలేదు. తర్వాత ఓటీటీలోకి వచ్చాక ఇంట్లో చూశాను. ఫోన్‌ని పప్పుల డబ్బాకి ఆనించి అమ్మ, నేను చూశాం. అందులో పిల్లాడికి లెక్కలు రావు. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అయింది అని అడుగుతాడు. అడిగినందుకు క్లాసులో వాడి పేరే 'జీరో' అయిపోతుంది. పదో తరగతి తప్పిన తల్లి వాడి కోసం మళ్ళీ లెక్కలు మొదటినుంచి నేర్చుకుంటుంది. అక్కడ అమ్మ సినిమా ఆపమంది. మా అమ్మా పదో తరగతి లెక్కల్లోనే తప్పింది. కాసేపు మాట్లాడలేదు. "ఆ పిల్లాడు అడిగిన దాంట్లో తప్పేముందిరా, నాకూ ఎవరూ చెప్పలేదు" అంది. తర్వాత మొదటినుంచి మళ్ళీ పెట్టమంది. 2024లో నా ఫేవరెట్ సినిమా అదే. ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది.

ఆడవాళ్ళ కథలకి థియేటర్‌కి ఎవరూ రారనే మాట కూడా అబద్ధం. ఫిబ్రవరిలో అంబాజీపేట మ్యారేజి బ్యాండు చూశాను. హీరో మన ఊరి సుహాసే, కానీ ఆ సినిమాని మోసింది అక్క పాత్ర చేసిన శరణ్య. పోలీస్ స్టేషన్ సీన్‌లో ఆవిడ నిలబడినప్పుడు నా పక్క వరసలో కాలేజీ అబ్బాయిలు లేచి ఈలలు వేశారు. హీరోకి కాదు, ఆవిడకి. ఆ అబ్బాయిలు ఎవరి లెక్కలోకి వస్తారు?

అయిదో పాయింట్: 'మిస్టర్ బచ్చన్‌ని యాంటీ ఫ్యాన్స్ చంపేశారు.' నేను రవితేజ అభిమానిని. ఆయన పాత సినిమాల డైలాగులు ఇప్పటికీ అప్పజెప్తాను. 2024లో నాకు అన్నిటికన్నా నచ్చని సినిమా అదే. ఇన్‌కం ట్యాక్స్ దాడి కథకి రీమేక్ తీస్తూ, ఆ దాడి కోసం సగం సినిమా ఎదురుచూడాలి. అప్పటిదాకా హీరోయిన్ వెంట పడటమే. సితార్ పాటలో ఆ స్టెప్పు వచ్చినప్పుడు పక్కన కూర్చున్న మా చెల్లి తల దించుకుని ఫోన్ చూసుకుంది. నాకు సిగ్గేసింది. ఇష్టమైన హీరో సినిమా బాగోలేదని చెప్పినవాడు యాంటీ ఫ్యాన్ అయిపోడు. పదిహేనేళ్ళుగా టికెట్ కొంటున్నవాడికి ఆ మాత్రం చెప్పే హక్కు ఉంది.

ఆరో పాయింట్: 'ఈ ఏడాది బెస్ట్ సీన్ పుష్ప 2 జాతర.' దీని మీద కూడా పోట్లాడదామనే కూర్చున్నాను. ఆ సినిమా మొత్తంగా నాకు ఎక్కలేదు. మూడు గంటల ఇరవై నిమిషాల్లో గంట తీసేసినా నష్టం లేదనిపించింది. కానీ గుర్తు చేసుకున్నకొద్దీ మాట మార్చుకోవాల్సి వచ్చింది. చీర కట్టి, ఒంటికి నీలం రంగు పూసుకుని, పెద్ద స్టార్ అయిన మనిషి అలా గంగమ్మ జాతరలో ఆడుతుంటే హాల్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. నా వెనక కూర్చున్న పెద్దావిడ రెండు చేతులూ జోడించింది. బెస్ట్ సీన్ అదే. ఈ ఒక్క పాయింట్ రాసినవాడిదే కరెక్టు.

మా పిన్ని కొడుక్కి ఇదంతా ఫోన్‌లో చెప్పాను. వాడుండేది బెంజ్ సర్కిల్ వైపు, ఆ వారం వాళ్ళింట్లోకి నీళ్ళు రాలేదు. "తేదీ చూసుకోలేదు అన్నయ్యా" అన్నాడు. పది నిమిషాలకి గ్రూపులో వాడు పెట్టింది డిలీట్ అయింది. మిగతా ఆరుగురికీ కూడా చెప్తున్నాను: ఆ మెసేజ్ పంపుకోవాలనుంటే పంపుకోండి, నాలుగో పాయింట్ మాత్రం తీసేసి పంపండి.