పేస్‌మేకర్ పొరపాటున పుట్టలేదు

మా ఫ్యామిలీ గ్రూపులో మొన్న మళ్ళీ ఆ మెసేజ్ వచ్చింది. ఈసారి పంపింది మా చిన్నాన్న. నాన్నకి బ్యాటరీ చెకప్ ఉన్న రోజు పొద్దున్నే, ధైర్యం చెప్దామనే పంపాడు. (గుండెకి చిన్న కరెంటు పల్సులిచ్చి సరిగ్గా కొట్టుకునేలా చేసే పరికరం పేస్‌మేకర్, మన ఇళ్ళల్లో "గుండెకి బ్యాటరీ" అనేది దాన్నే.) మీలో చాలామందికి ఇది ఏదో ఒక రూపంలో వచ్చే ఉంటుంది: "అమెరికాలో విల్సన్ గ్రేట్‌బ్యాచ్ అనే మెకానిక్ పొరపాటున ఒక తప్పు రెసిస్టర్ పెట్టాడు. ఆ సర్క్యూట్ గుండెలా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అలా ప్రపంచంలో మొట్టమొదటి పేస్‌మేకర్ పుట్టింది. పాకలో కూర్చుని ఒక్కడే తయారుచేశాడు. ఆ ఒక్క పొరపాటు ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కాబట్టి తప్పులు చేయడానికి భయపడకండి!"

నేను చదివింది బయోమెడికల్ ఇంజనీరింగ్. మా నాన్న గుండెకి బ్యాటరీ వేసి ఆరేళ్ళయింది. ఈ మెసేజ్ చూసి ఊరుకోవడం నావల్ల కాలేదు. ఒక్కో మాటా తీసుకుని చెప్తాను.

"మెకానిక్" అన్నది అసలు నిజం కాదు. గ్రేట్‌బ్యాచ్ 1919లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో రేడియో పని చేశారు. ఆ తర్వాత 1950లో కార్నెల్ యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ, 1957లో బఫెలో యూనివర్సిటీలో మాస్టర్స్ చేశారు, అక్కడే పాఠాలు కూడా చెప్పారు.

"పొరపాటున" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే రెసిస్టర్ సంగతి అబద్ధం కాదు, ఆయనే స్వయంగా చెప్పుకున్న విషయం. 1950ల రెండో సగంలో గుండె చప్పుళ్ళు రికార్డు చేసే పరికరం కోసం ఒక ఆసిలేటర్ (పదే పదే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్) కడుతూ, 10 కిలో ఓముల రెసిస్టర్ (కరెంటుని అడ్డగించే చిన్న భాగం) పెట్టాల్సిన చోట 1 మెగా ఓమ్‌ది పెట్టారు. ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళకి ఇది ఎంత తేలికగా జరుగుతుందో తెలుసు. రెసిస్టర్ విలువ దాని మీది రంగు చారల్లో ఉంటుంది: మొదటిదాని మీద గోధుమ, నలుపు, నారింజ చారలుంటాయి, రెండోదాని మీద గోధుమ, నలుపు, ఆకుపచ్చ. ఒక్క చార తేడా, విలువలో మాత్రం వంద రెట్లు. సర్క్యూట్ 1.8 మిల్లీసెకన్ల పాటు పల్స్ ఇచ్చి, ఒక సెకను ఆగి, మళ్ళీ పల్స్ ఇచ్చింది. ఇలాంటి తప్పు మా కాలేజీ ల్యాబ్‌లో అందరం చేశాం, వెంటనే విప్పేసి సరైనది పెట్టి రీడింగులు రాసుకుని వెళ్ళిపోయాం. ఆయన ఎందుకు విప్పేసి ఊరుకోలేదు?

దానికి 1951కి వెళ్ళాలి. కార్నెల్ వాళ్ళ జంతువుల ఫామ్‌లో పనిచేస్తుండగా అక్కడికి వచ్చిన ఇద్దరు సర్జన్లతో భోజనాల దగ్గర మాటలు కలిశాయి. వాళ్ళు హార్ట్ బ్లాక్ గురించి చెప్పారు. మన ఇళ్ళల్లో బ్లాక్ అంటే రక్తనాళంలో కొవ్వు అడ్డం పడడమే అనుకుంటాం, ఇది అది కాదు. గుండె పై గదుల్లో పుట్టే కరెంటు కింది గదులకి చేరకపోవడం. నాడి 30కో 40కో పడిపోతుంది, మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే స్పృహ తప్పి పడిపోతాడు (మా నాన్న పడింది పెరట్లో, పంపు దగ్గర). రేడియోలు బాగుచేసిన మనిషికి ఆ జబ్బు వెంటనే అర్థమైంది: సిగ్నల్ ఉంది, చేరాల్సిన చోటికి చేరట్లేదు. కానీ అప్పటి రేడియో వాల్వులు (గాజు ట్యూబులు), బ్యాటరీలు ఒంట్లో పెట్టే సైజువి కావు. వాల్వుల పనే చేసే చిన్న ట్రాన్సిస్టర్లు చేతికొచ్చేదాకా ఆ ప్రశ్న ఆయన మనసులో ఏళ్ళ తరబడి అలాగే ఉంది. అందుకే ఆ పల్స్ చూడగానే అదేమిటో ఆయనకి తెలిసింది. చెయ్యి పొరపాటున పడింది, నిజమే. గుర్తుపట్టడం పొరపాటున జరగలేదు.

"ప్రపంచంలో మొట్టమొదటి పేస్‌మేకర్" అనేది ఇంకా పెద్ద తప్పు. 1952లోనే బోస్టన్‌లో డాక్టర్ పాల్ జోల్ ఛాతీ మీద నుంచి షాకులిచ్చి గుండెని నడిపించారు, ఆ నొప్పి భరించడం చాలా కష్టం. 1957 అక్టోబరు 31న మినియాపొలిస్‌లో కరెంటు పోయి, ప్లగ్గుకి పెట్టిన పేస్‌మేకర్ మీద ఉన్న ఒక పసిబిడ్డ చనిపోయాక, సర్జన్ లిల్లెహై అడిగితే ఎర్ల్ బ్యాకెన్ అనే ఇంజనీర్ కొన్ని వారాల్లోనే బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె చేసిచ్చారు. ఇక ఒంటి లోపల పెట్టిన మొదటిది స్వీడన్‌లో, 1958 అక్టోబరు 8న. ఇంజనీర్ రూనే ఎల్మ్‌క్విస్ట్ దాన్ని ఎపాక్సీలో (గట్టిపడే ప్లాస్టిక్ లాంటి జిగురు) పోత పోశారు, అచ్చుకి వాడింది షూ పాలిష్ డబ్బా. సర్జన్ ఓకే సెన్నింగ్. పేషెంట్ ఆర్నె లార్సన్, 43 ఏళ్ళు. మనుషులకి పెట్టడానికి ఇంకా సిద్ధంగా లేమని ఇద్దరూ అంటున్నా, ఆయన భార్య ఎల్సె మారీ వెంటపడి ఒప్పించింది. మొదటి పరికరం కొన్ని గంటలకే ఆగిపోయింది, రెండోది పెట్టారు. ఆ తర్వాత జీవితంలో ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ, 86 ఏళ్ళు వచ్చి, ఆ ఇంజనీర్ కంటే, ఆ సర్జన్ కంటే కూడా ఎక్కువ కాలం ఉండి, లార్సన్ 2001లో చనిపోయారు. ఈ పేర్లేవీ ఆ మెసేజ్‌లో లేవు.

"ఒక్కడే" అన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. బఫెలోలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో విలియం చార్డాక్, ఆండ్రూ గేజ్ అనే సర్జన్లు లేకపోతే ఆ సర్క్యూట్ బల్ల మీదే ఉండిపోయేది. 1958 మే 7న వాళ్ళు దాన్ని కుక్క గుండెకి తగిలిస్తే గుండె దాని లెక్కకే కొట్టుకుంది. ఎలక్ట్రికల్ టేపు చుట్టి లోపల పెడితే నాలుగు గంటల్లో ఒంట్లోని తడి లోపలికి దిగి ఆగిపోయింది. ఒంట్లో ఉన్నది వేడి ఉప్పునీరు, దాన్ని ఆపడం ఆ పల్స్ పుట్టించడం కంటే ఎన్నో రెట్లు కష్టం. గ్రేట్‌బ్యాచ్ ఉద్యోగం మానేసి, దాచుకున్న 2,000 డాలర్లతో ఇంటి వెనక పాకలో రెండేళ్ళు కూర్చుని 50 పేస్‌మేకర్లు చేతితో చేశారు. 40 జంతువులకి, 10 మనుషులకి. ఆ ట్రాన్సిస్టర్లని పరీక్షించే పనిలో పెద్ద భాగం ఆయన భార్య ఎలెనార్ చేసింది. పడకగదిలో రెండు ఓవెన్లు పెట్టుకుని, ట్రాన్సిస్టర్‌ని పెన్సిల్‌తో కొట్టి చూసి, రీడింగు కదిలితే పక్కన పడేసేది. ఇంట్లో ఐదుగురు పిల్లలు. ఈ లెక్కన ఒక్కడే ఎలా అవుతాడు?

"ఆ ఒక్క పొరపాటు ప్రాణాలు నిలబెట్టింది" అనేదానికి జవాబు బ్యాటరీలో ఉంది. 1960లో బఫెలోలో మొదట పెట్టించుకున్న 77 ఏళ్ళ పెద్దాయన ఏడాదిన్నర బతికారు. అప్పటి మెర్క్యురీ బ్యాటరీలు రెండేళ్ళు వస్తే గొప్ప, పైగా అవి గ్యాస్ వదిలేవి, కాబట్టి పెట్టెని పూర్తిగా మూసేసే వీల్లేదు. ఆ పల్స్ సర్క్యూట్ ఎంత బాగున్నా రెండేళ్ళకోసారి ఆపరేషన్ అంటే పేషెంట్ ఏమవుతాడు? గ్రేట్‌బ్యాచ్ 1970లో ఈ బ్యాటరీల కోసమే సొంత కంపెనీ పెట్టి, బాల్టిమోర్‌లో వేరేవాళ్ళు కనిపెట్టిన లిథియం అయోడిన్ సెల్‌ని పేస్‌మేకర్‌కి పనికొచ్చేలా తీర్చిదిద్దారు. అది గ్యాస్ వదలదు, టైటానియం పెట్టెలో పెట్టి వెల్డింగ్ చేసేయొచ్చు, పదేళ్ళ దాకా వస్తుంది. ఇంకో సుగుణం, అది ఒక్కసారిగా చచ్చిపోదు. మెల్లగా తగ్గుతూ ముందే తెలియజేస్తుంది.

మొన్న చెకప్‌లో టెక్నీషియన్ నాన్న ఛాతీ మీద పరికరం ఆనించి, స్క్రీన్ చూసి, "ఇంకో నాలుగేళ్ళు ఢోకా లేదండీ" అన్నాడు. అమ్మ టెన్షన్ సగం ఆ మాటతోనే పోయింది. ఆ మాట అనగలగడం వెనక ఉన్నది ఆ బ్యాటరీల మీద పడ్డ కష్టం, రెసిస్టర్ కాదు.

చిన్నాన్నా, నువ్వు పంపింది డిలీట్ చేయక్కర్లేదు. "పొరపాటున" అన్న మాట తీసేసి, ఎలెనార్, చార్డాక్, గేజ్, ఎల్మ్‌క్విస్ట్, సెన్నింగ్, ఎల్సె మారీ, ఈ పేర్లు కలిపి మళ్ళీ పంపు. నాన్నకి నేను చదివి వినిపిస్తాను.