పురిటి నొప్పులపై మా కుటుంబ సంఘం నివేదిక

నాకు కాన్పు కాలేదు, అయ్యే అవకాశమూ లేదు, కాబట్టి పురిటి నొప్పుల గురించి నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత నాకు పూర్తిగా ఉందని ముందే మనవి చేస్తున్నాను. నొప్పులు పడే మనిషికి ఆ అర్హత ఉండదు. ఆవిడ పళ్ళు కొరుకుతూ, మంచం కమ్మీ పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. అలాంటి మనిషిని పట్టుకుని "నొప్పి తగ్గడానికి ఏదైనా ఇమ్మంటావా అమ్మా" అని అడగడం ఏం పద్ధతండీ? అందుకే మన దగ్గర ఆ ప్రశ్న ఆవిడని తప్ప అందర్నీ అడుగుతారు.

మా అమ్మాయి సీమంతం కాగానే, ఆ ప్రశ్న తేల్చడానికి సంఘం ఏర్పడింది. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి అత్తగారు ఫోన్‌లోనే అధ్యక్షత వహించారు. సభ్యులు తల్లి, మేనత్త, పక్క ఫ్లాట్ ఆంటీ. మొగుడు ప్రత్యేక ఆహ్వానితుడు, ఓటు లేదు. బిల్లు కట్టే హక్కు అమ్మాయి నాన్నగారిది. నేను బాబాయి హోదాలో కన్వీనర్‌ని. గర్భిణికి రెస్ట్ అవసరం కాబట్టి సమావేశానికి పిలవలేదు.

మొదటి అంశం ఎపిడ్యూరల్. మత్తు డాక్టరు నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది గుచ్చి, సన్నటి ట్యూబు లోపల ఉంచి, కాన్పు అయ్యేదాకా దాని గుండా మందు ఎక్కిస్తూ ఉంటారు. పది ఇరవై నిమిషాల్లో నొప్పి బాగా తగ్గుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లి అడిగితే ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే రాసింది. ఈ 'తల్లి అడిగితే' దగ్గరే సంఘానికి మొదటి అభ్యంతరం వచ్చింది. అడగడమేమిటి, ఆడపిల్ల?

రెండో అభ్యంతరం మేనత్తది. వెన్నుకి సూది వేయించుకుంటే జీవితాంతం నడుం నొప్పి వదలదట. అలాంటి సంబంధమేమీ పరిశోధనల్లో తేలలేదని డాక్టరమ్మ చెప్పబోయింది గానీ, పరిశోధన ఎక్కడ, మేనత్త ఎక్కడ. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ఏ సూదీ లేకుండా పుట్టారు, ఇరవై ఏళ్ళుగా ఆవిడ నడుం నొప్పితో వంగి నడుస్తోంది. ఈ చివరి విషయం అజెండాలో లేనందున చర్చించలేదు.

నిజంగా ఉన్న ఇబ్బందులూ డాక్టరమ్మ చెప్పింది. బీపీ పడిపోవచ్చు, కాళ్ళు బరువెక్కుతాయి, దురదలు రావచ్చు, ముక్కి బిడ్డని బయటికి నెట్టే దశ కాస్త సాగుతుంది, నూటికి ఒకరికి అటూఇటూగా కొన్ని రోజులు తీవ్రమైన తలనొప్పి రావచ్చు. దీనివల్ల సిజేరియన్లు పెరగవని కూడా చెప్పింది. ఇందులో మాకు భయపడేంత మసాలా ఏమీ దొరక్క వినేసి ఊరుకున్నాం.

ఒక చిక్కు మాత్రం వచ్చి పడింది. అత్తగారి పెద్ద కూతురికి డల్లాస్‌లో కాన్పయింది, ఎపిడ్యూరల్‌తోనే. మరి ఆ అమ్మాయి నడుం సంగతేమిటని అడిగితే "అక్కడ అందరూ అదే తీసుకుంటారమ్మా, అక్కడి పద్ధతి" అన్నారు అధ్యక్షులు. అంటే సూది ప్రభావం అక్షాంశ రేఖాంశాలను బట్టి మారుతుందన్నమాట. ఇంగ్లండ్‌లో ఉన్న మన అమ్మాయిలైతే సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిపిన గ్యాస్‌ని తామే మాస్క్ పట్టుకుని నొప్పి వచ్చినప్పుడల్లా పీలుస్తారు. గ్యాస్ అనగానే సంఘం జీలకర్ర కషాయం సూచించి తర్వాతి అంశానికి వెళ్ళిపోయింది.

తర్వాతి అంశం సిజేరియన్. అభ్యంతరాలు: శూన్యం. ఇదే వెన్నుకి, దాదాపు అదే చోట, మత్తు సూది వేసి, ఆపైన పొట్ట కోస్తామంటే ఒక్కరూ కిమ్మనలేదు. నడుం నొప్పి ఊసే రాలేదు. పైగా సిద్ధాంతి గారు రాసిచ్చిన కాయితం తీశారు: బుధవారం ఉదయం 9.40 నుంచి 10.25 లోపల, వర్జ్యం తగలకుండా. నొప్పులు రాకముందే కోసేస్తే నొప్పి అనే సమస్యే ఉండదు కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81 పైన. ఆంధ్రలో 42. దేశం మొత్తం మీద 21. మనవాళ్ళకి వెన్ను సూదంటే భయమని ఎవరన్నారండీ? కోత లేకుండా ఉత్త సూదే వేస్తామంటే భయం.

డాక్టర్ల వైపు నుంచీ ఆలోచించాలి. సిజేరియన్‌కి వచ్చిన మత్తు డాక్టరు గంటలో పని ముగించుకుని ఇంకో నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిపోవచ్చు. ఎపిడ్యూరల్ పెడితే మనిషి గంటల తరబడి అందుబాటులో ఉండాలి, బీపీ చూడాలి, బిడ్డ గుండె చప్పుడు చూడాలి. అర్ధరాత్రి రెండింటికి ఎవరొస్తారు? అందుకే మొదటి విజిట్‌లో "మా దగ్గర అన్ని సౌకర్యాలూ ఉన్నాయండీ" అన్న రిసెప్షన్ అమ్మాయే నొప్పుల రోజు "సార్ ఊళ్ళో లేరండీ" అంటుంది. రెండూ నిజాలే.

ఇక సర్కారు దవాఖానా లేబర్ రూముల్లో చాలాచోట్ల ఎపిడ్యూరల్ కంటే ప్రాచీనమైన చికిత్స ఉంది, దాన్ని నోటితో ఇస్తారు: "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా? అరవకు!" ఖర్చు లేదు, మత్తు డాక్టరు అక్కర్లేదు, మనిషి నిమిషంలో నోరు మూసుకుంటుంది. నొప్పి తగ్గిందో లేదో ఎవరూ రాసుకోరు.

ఇదంతా మనకి తెలియక చేస్తున్నామనుకోకండి. 1853లో విక్టోరియా మహారాణి కాన్పులో క్లోరోఫామ్ అనే మత్తుమందు పీల్చింది, మహారాణులు అలాంటివి చేస్తారు. కానీ ఆ క్లోరోఫామ్ ప్రాణానికి ఎంత ప్రమాదమో తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు కూర్చుంది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాద్‌లో, నిజాం సర్కారు సాయంతో. కుక్కల మీదా కోతుల మీదా పరీక్షించారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ చదివిందీ, పనిచేసిందీ ఈ ఊళ్ళోనే. ఇది జరిగి 130 ఏళ్ళు దాటింది, అదే ఊళ్ళో మేం ఈ సమావేశం పెట్టుకున్నాం. హైదరాబాద్ కుక్కకి అప్పట్లో దొరికిన మత్తు మా అమ్మాయికి ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా పరిశీలనలో ఉంది.

చివరి అంశం సంతకం. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో, మత్తులో ఉన్న కూతురి తరఫున ఆపరేషన్‌కి తల్లి పెట్టిన సంతకం చెల్లదని చెప్పింది. పేషెంటు మేజరై, సొంతంగా నిర్ణయం తీసుకోగల మనిషైతే ఆవిడ సమ్మతే ఉండాలట. న్యాయమూర్తులు ఏ సీమంతానికీ వెళ్ళినట్టు లేరు. అయినా చట్టాన్ని గౌరవించి, అమ్మాయిని ఎవరు అడగాలి, ఏ భాషలో అడగాలి, ఆవిడ ఔనంటే ఏం చేయాలి అన్న విషయాలపై ఒక ఉపసంఘం వేశాం.

ఉపసంఘం ఆసుపత్రి క్యాంటీన్‌లో రెండో టీ తాగుతుండగా నర్సు వచ్చింది. నొప్పులు సోమవారమే మొదలయ్యాయి, సిద్ధాంతి గారిని అడక్కుండా. గర్భాశయ ద్వారం పది సెంటీమీటర్లూ తెరుచుకుందట, తల కనిపిస్తోందట, ఇప్పుడు ఎపిడ్యూరల్ పెట్టే టైమ్ లేదట. అమ్మాయి పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉందని కూడా ఏదో అంది గానీ, అప్పటికే అధ్యక్షులు ఫోన్‌లో "చూశారా, దేవుడి దయవల్ల నార్మల్!" అని సంఘాన్ని అభినందిస్తున్నందున సరిగా వినపడలేదు.