కోకాపేటలో ఎవరుంటున్నారు?

2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేటలోని నియోపొలిస్ లేఅవుట్‌లో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. అప్పటి నుంచి ఆ ఊరి పేరెత్తితే ఎకరం ఎంత, గజం ఎంత అనే మాటలే. అక్కడ ఎంతమంది ఉంటున్నారని అడిగితే మాత్రం జనగణన దగ్గరున్న జవాబు 2011 నాటిది. అప్పటికి కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ ఇంకా పంచాయతీలే. నార్సింగి, మణికొండ మున్సిపాలిటీలైందే 2018లో.

ఇప్పుడు ఒక్క కోకాపేటలోనే మూడు ఊళ్లున్నాయి. గేటు లోపల నలభై, యాభై అంతస్తుల టవర్లలో ఐటీ దంపతులు, మనవలను చూసుకోవడానికి సొంతూరు వదిలొచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు. ప్రహరీ బయట రేకుల షెడ్లలో ఆ టవర్లు కట్టడానికి ఒడిశా, బిహార్, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కూలీలు. మధ్యలో పాత ఊరు. భూమి అమ్మకుండా ఆగినాయన పీజీ హాస్టల్ అద్దెలతో బతుకుతుంటే, ఎకరం లక్షల్లో ఉన్నప్పుడే అమ్మి కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన పక్కింటాయనకు మిగిలింది ఆ ఇల్లొక్కటే.

సర్కారు లెక్కల్లో ఈ మూడు ఊళ్లవాళ్లూ సంపన్నులే. తలసరి ఆదాయంలో కోకాపేట ఉన్న రంగారెడ్డి జిల్లాది రాష్ట్రంలో మొదటి స్థానం మరి! 2016 అక్టోబరులో ఇదే జిల్లా నుంచి విడిపోయిన వికారాబాద్ అట్టడుగు వరసల్లో ఉంది. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను అంచనా జనాభాతో భాగిస్తే వచ్చే అంకే ఈ తలసరి ఆదాయం. గచ్చిబౌలి కంపెనీ అమెరికాకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో షెడ్డులో వంట చేసుకునే కూలీకీ కాగితం మీద వాటా దక్కుతుంది. ఇక ఆ భాగహారంలోని జనాభా కూడా పాత గణన నుంచి సాగదీసిన అంచనాయే.

ఇది ఉత్త అంకెల గొడవ కాదు. ఆహార భద్రత చట్టం కింద కేంద్రం ఇచ్చే రేషన్ కోటా నేటికీ 2011 లెక్కల మీదే నడుస్తోంది. 400 నుంచి 800 మంది జనాభాకు ఒక అంగన్‌వాడీ ఉండాలన్నది నిబంధన. జనం ఎందరో తెలియని చోట ఎన్ని కేంద్రాలు పెడతారు?

2027 జనగణన కొంత తీరుస్తుంది, అంతా కాదు. మన జనగణనలో టీవీ ఉందా, కారుందా అని అడుగుతారు గానీ ఆదాయం అడగరు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన కుటుంబ సర్వే అదీ అడిగింది, 3.54 కోట్ల మంది వివరాలు సేకరించింది. కులాల శాతాల మీద జరిగిన రచ్చలో ఆదాయాల ఊసే వెనక్కిపోయింది. పేర్లు తీసేసి, వార్డులవారీగా ఆ వివరాలను జనం ముందుంచాలని మేం కోరుతున్నాం.

గణకులకూ ఇక్కడ తిప్పలు తప్పవు. టవర్ల దగ్గర గార్డు ఆపుతాడు, అయినా లోపల ఉండేవాళ్లు ఆన్‌లైన్‌లో తామే నమోదు చేసుకోగలరు. షెడ్లకు పగలంతా తాళాలే. అక్కడికి రాత్రి ఏడు దాటాక గానీ, ఆదివారం గానీ వెళ్లాలి, ఒడియా వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని. ఇళ్ల గణనలో ప్రతి కట్టడానికీ వేసే నంబరు ఆ రేకుల మీద కూడా పడాలి.