తేమ మిషన్ ముందు క్వాంటమ్ ఎంత?

క్వాంటమ్ లోకంలో, అంటే అణువంత చిన్న కణాల లోకంలో, చూడకముందు ఒకలా ఉన్న కణం చూశాక ఇంకోలా ఎందుకు మారుతుందని భౌతిక శాస్త్రవేత్తలు ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. నల్లగొండ జిల్లాలో ఒక్క యాసంగి వడ్ల కొనుగోలు సెంటర్‌లో కూర్చుంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

ముందు వాళ్ల గోడు విందాం. 1905లో కార్ల్ పియర్సన్ అనే గణాంక శాస్త్రవేత్త దిక్కూ దారీ లేని నడక (రాండమ్ వాక్) గురించి అడిగాడు. అటో ఇటో తూలే తాగుబోతు 100 అడుగులేసినా, బయల్దేరిన చోటికి సుమారు 10 అడుగుల దూరంలోనే తచ్చాడుతుంటాడు. 1993లో అహరొనోవ్, డేవిడోవిచ్, జగూరి అనే భౌతిక శాస్త్రవేత్తలు క్వాంటమ్ నడకను ముందుకు తెచ్చారు. ఇక్కడ కణం రెండు దారులూ ఒకేసారి పడుతుంది. ఆ దారులు అలల్లా కలిసి ఒకచోట చెరిపేసుకుంటాయి, ఇంకోచోట బలపడతాయి. అందుకే అదే 100 అడుగుల్లో 50 దాటి పోగలదు. షరతల్లా నడుమ ఎవరూ కొలవకూడదు. అడుగడుగునా కొలిచారా, మళ్లీ తాగుబోతే.

ఇక మన సెంటర్. టార్పాలిన్ మీద వడ్ల కుప్ప. తేమ 17 శాతం దాటితే కొనరు. గుప్పెడు గింజలు మిషన్‌లో పోస్తే 20 చూపించింది. "ఇంకో రెండ్రోజులు ఎండబొయ్యి కాకా." మధ్యాహ్నం పెద్దసారు జీపు దిగాడు. అదే కుప్ప, అదే మిషన్, పదహారున్నర! పూటలో అంత ఎండ ఎక్కడ కాసిందో మరి. కొలిచాకే కణం ఒక స్థితికి వస్తుందన్న కోపెన్‌హేగన్ పండితులకు ఇంతటి పరిశీలకుడు దొరకలేదు పాపం. ఆ వడ్లే సెంటర్ కాంటా మీద ఒక తూకం, మిల్లు కాంటా మీద ఇంకో తూకం. నడుమ లారీలో ఏ అలలు చెరిపేసుకున్నాయో గానీ, తేడాకు తరుగు అని పేరు పెట్టి రైతు ఖాతాలో రాస్తారు.

మాటిమాటికీ కొలుస్తుంటే కణం ఉన్నచోటే ఆగిపోతుందని 1977లో మిశ్రా, సుదర్శన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కాకా రాత్రింబవళ్లు కుప్ప పక్కనే మంచమేసుకుని చూస్తుంటాడు కాబట్టే లారీ రావడం లేదని నా అనుమానం. ఆయన కునుకు తీసిన రాత్రి వానొచ్చింది, కుప్పలో కొంత కదిలింది కూడా, కాలవలోకి.

పరిశీలనకు మనిషి కన్నే అక్కర్లేదు, పరికరం తగిలితే చాలని శాస్త్రం. అట్లయితే మిషన్ పట్టుకున్న చేతిని పక్కన పెట్టి, అంకె అచ్చయిన చీటీ రైతుకే ఇవ్వొచ్చు కదా అని సెంటర్‌లో అడిగాను.

"బ్యాటరీ అయిపోయింది, రేపు రాండ్రి" అన్నారు.